కాలువ డిజైన్ అంతా అయ్యాక సోషియాలజీ వాళ్లు వచ్చి ఏం చేస్తారు?

గట్టుమీద · సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నేను సివిల్ ఇంజనీర్ని. 14 ఏళ్లుగా సాగునీటి పనుల్లోనే ఉన్నాను. ప్రస్తుతం ఒక పాత మట్టి కాలువను బాగుచేసే పని నడుస్తోంది. కాలువకు లైనింగ్ (లోపలి గోడలకు కాంక్రీటు పూత), కొత్త తూములు, గేట్లు, పైన రాళ్లూ కొమ్మలతో కట్టుకున్న అడ్డుకట్ట బదులు కాంక్రీటు కట్ట. సర్వే, ప్రవాహం లెక్కలు, డ్రాయింగులు అన్నీ అయిపోయాయి. ఇప్పుడు నిధులిచ్చేవాళ్లు టీమ్‌లో ఒక సామాజిక శాస్త్రవేత్త ఉండి తీరాలన్నారు. ఒకావిడ వచ్చారు. గంటసేపు మా ప్రజెంటేషన్ ఓపిగ్గా విని ఒకే ప్రశ్న అడిగారు: "ఇప్పుడు ఈ కాలువలో పూడిక ఎవరు తీస్తున్నారు?"

మా దగ్గర జవాబు లేదు. ఎవరో తీస్తున్నారు, నీళ్లు పారుతున్నాయి. లైనింగ్ వేశాక పూడిక గొడవ సగం తగ్గిపోతుంది కదా, ఇంక ఆ ప్రశ్నతో పనేంటి? ఆ ఒక్కటి తేల్చడానికే ఆవిడ ఆరు వారాలు అడుగుతున్నారు. వానలు పడేలోపు పని ఎత్తుకోవాలి. నాకేమో టెన్షన్.

వెటకారంగా అడగడం లేదు. నీళ్లు, అడవులు, చేపలు ఇలాంటి వాటి నిర్వహణలో సామాజిక శాస్త్రాల పని నిజంగా ఏమిటి? మేం డిజైన్ చేసింది జనానికి నచ్చజెప్పడమేనా?

సందేహి · సోమవారం ఉదయం 10:41

నచ్చజెప్పడం కూడా కాదండీ, రిపోర్టులో ఒక అధ్యాయం నింపడం. నాది గణాంకాల పని, ఇలాంటి రిపోర్టులు కట్టలకొద్దీ చదివాను. ఏది అడిగినా "అది సందర్భాన్ని బట్టి ఉంటుంది" అంటారు. అంతా సందర్భాన్ని బట్టే అయితే ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట పనికిరాదు. అలాంటప్పుడు దాన్ని శాస్త్రం అనడం దేనికి?

అడవిబాట · సోమవారం ఉదయం 10:55

సందేహి గారు మొదలెట్టారు. నేను కుర్చీ వేసుకుని కూర్చుంటున్నా. ఊరికథ గారు ఎక్కడున్నా రావాలి.

ఊరికథ · సోమవారం మధ్యాహ్నం 1:20

వచ్చాను. గట్టుమీద గారూ, మీ టీమ్‌లోకి వచ్చినావిడ ఎవరో నాకు తెలీదు గానీ, సరిగ్గా అడగాల్సిందే అడిగారు. ఎందుకో చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

నేపాల్ కొండల్లో రైతులే తవ్వుకుని రైతులే చూసుకునే కాలువలు వేలల్లో ఉన్నాయి. ఏటికి అడ్డంగా రాళ్లు, మట్టి, కొమ్మలు పేర్చి కట్ట కడతారు. వానాకాలం వరదకు అది కొట్టుకుపోతుంది. మళ్లీ కడతారు, మళ్లీ పోతుంది. ఇంజనీరు కంటికి ఇది చాలా నాసిరకం పని. ప్రభుత్వమో, విదేశీ సాయమో వచ్చి కొన్ని చోట్ల శాశ్వతంగా కాంక్రీటు కట్ట కట్టించారు. కాలువకూ లైనింగ్ వేశారు. అక్షరాలా మీ ప్రాజెక్టే అనుకోండి.

ఎలినార్ ఆస్ట్రమ్ అనే రాజనీతి శాస్త్రవేత్త, ఆమెతో పనిచేసినవాళ్లు అలాంటి కాలువలు వందకు పైగా తీసుకుని పోల్చి చూశారు. సగటున చూస్తే, రైతులు నడుపుకునే నాటు కాలువల్లోనే చివరి పొలాలకు నీళ్లు మెరుగ్గా అందుతున్నాయి. ప్రభుత్వం చేతిలో ఉన్న, బాగా కట్టిన కాలువల్లో పైవాళ్లకు దండిగా అందుతోంది, కింద ఎండుతోంది.

కారణం ఇదీ. నాటు కట్టను ఏటా కట్టాలంటే చాలామంది చేతులు కావాలి. పైనున్న పదిమంది వల్ల అయ్యే పని కాదు. చివరి ఆయకట్టు రైతులు పలుగూ పారా పట్టుకుని రావాల్సిందే. వాళ్లు ఊరికే రారు కదా, "మా వంతు నీళ్లు మాకు వదిలితేనే వస్తాం" అంటారు. పైవాళ్లు ఒప్పుకోక తప్పదు. అంటే ఏటా కొట్టుకుపోయే ఆ కట్టే కిందివాళ్ల బేరానికి బలం. కాంక్రీటు కట్ట వచ్చింది. పైవాళ్లకు కిందివాళ్లతో అవసరం తీరిపోయింది. నీళ్లు వదలడానికి కారణమూ పోయింది.

కట్టలో ఇంజనీరింగ్ లోపం ఒక్కటీ లేదు. పూడిక ఎవరు తీస్తున్నారన్నది మాత్రం అడగలేదు.

గట్టుమీద · సోమవారం మధ్యాహ్నం 1:48

ఇది రెండుసార్లు చదివాను. అంటే కాంక్రీటు వేయొద్దనా మీరు చెప్పేది? ఏటా వరదలో నిలబడి రాళ్లు మోయడం సుఖమైన పని కాదు మేడం. ఆ కష్టం తప్పించాలనే కదా మేం చేసేది.

ఊరికథ · సోమవారం మధ్యాహ్నం 2:05

వేయొద్దని అనలేదు. ఆ కష్టంలో రొమాన్స్ ఏమీ లేదు. కట్ట వల్ల పైవాళ్ల కష్టం తప్పుతోంది, కిందివాళ్ల పట్టు పోతోంది. ఆ పట్టు స్థానంలో ఇంకేదైనా పెట్టారా అన్నదే నా ప్రశ్న. కట్టకముందే నీటి వంతులు తేల్చుకున్న చోట్ల సంగతి వేరుగా ఉంటుంది.

లెక్కలపిట్ట · సోమవారం సాయంత్రం 6:30

ఆర్థిక శాస్త్రం తరఫున నేనూ ఒక చెయ్యి వేస్తాను. సందేహి గారి ప్రశ్నకు కొంత జవాబు అందులోనే ఉంది.

1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అందరిదీ అయిన పచ్చిక బయలు ఉంటే ప్రతివాడూ ఇంకో పశువును తోలతాడు, చివరికి బయలు నాశనం అవుతుంది, కాబట్టి ప్రభుత్వం చేతుల్లో పెట్టాలి, లేదా ముక్కలు చేసి సొంతానికి ఇచ్చేయాలి. ఆయన వాదన దాదాపు ఇంతే. చదవడానికి లెక్కలా ఉంటుంది. అందుకే విధానాలు రాసేవాళ్లకు తెగ నచ్చింది.

చిక్కేమిటంటే, ఆ బయలులో పశువులు కాసేవాళ్లు ఒకరితో ఒకరు ఒక్క మాటయినా ఆడరు! స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ అనే కొండ ఊరుంది. అక్కడ 1517 నాటి నియమం ఒకటి: చలికాలమంతా నీ సొంత మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలవో, వేసవిలో ఉమ్మడి పచ్చికకు అన్నింటినే తోలాలి. ఎంత తెలివైన నియమమో చూడండి. పచ్చిక ఎంత తట్టుకుంటుందో ఎవరూ కొలవక్కర్లేదు. ఎవరింట్లో ఎన్ని ఆవులు చలికాలం గడిపాయో ఊరందరికీ తెలుసు, అబద్ధం చెబితే దొరికిపోతారు. ఇలాంటివి ప్రపంచమంతా పోగేసి, ఏ లక్షణాలున్న చోట ఉమ్మడి ఆస్తి నిలబడిందో తేల్చినందుకే ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమే. హార్డిన్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు, తాను రాయాల్సింది 'నిర్వహణ లేని' ఉమ్మడి ఆస్తి గురించి అని. దానికి దశాబ్దాలు పట్టింది లెండి.

ఇంకోటి, ఇది గట్టుమీద గారికి. లైనింగ్, డ్రిప్, స్ప్రింక్లర్లు పెడితే నీళ్లు ఆదా అవుతాయని మనమంతా రాస్తాం. పొలం దగ్గర అవుతాయి. కానీ మిగిలిన నీళ్లతో రైతు ఇంకో రెండెకరాలు తడుపుకుంటాడు, లేదా ఎక్కువ నీళ్లు తాగే పంటకు మారతాడు. అమెరికాలోని కాన్సస్‌లో మెరుగైన స్ప్రింక్లర్లకు మారాక భూగర్భ జలాల వాడకం తగ్గకపోగా పెరిగిందని తేలింది. బొగ్గు విషయంలో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1865లోనే ఈ సంగతి చెప్పాడు. పైపు ఇంజనీరుదే, దాని చివర కూర్చుని నిర్ణయం తీసుకునే మనిషిని ఎవరు చదవాలి?

సందేహి · సోమవారం రాత్రి 9:15

కథలు బాగున్నాయి. నా అభ్యంతరం అలాగే ఉంది.

నిలబడిన ఊళ్లనే ఏరుకొస్తే ఉమ్మడి నిర్వహణ గొప్పగానే కనిపిస్తుంది. కూలిపోయినవి 500 ఏళ్ల దస్తావేజులు దాచుకోవు. ఇదొక పాత గణాంక దోషం, దీన్ని పట్టించుకోకుండా "ఊరివాళ్లకు అన్నీ తెలుసు" అనే మాటకు దిగుతారని నా భయం. పైగా ఊరు అంటే ఒక్క గొంతా? పైరైతు, కిందిరైతు అని ఊరికథ గారే ఇప్పుడు చెప్పారు.

లెక్కలపిట్ట · సోమవారం రాత్రి 9:50

న్యాయమైన ప్రశ్న. ఆస్ట్రమ్ 1990 నాటి పుస్తకంలో విఫలమైనవీ ఉన్నాయి. టర్కీ తీరమే తీసుకోండి. అప్పట్లో అలన్యాలో చేపలు పట్టే చోట్లకు ఏటా సెప్టెంబరులో చీటీలు వేసేవారు. ఆ తర్వాత ప్రతి పడవా రోజుకో చోటు చొప్పున తూర్పుకు జరిగేది, జనవరి నుంచి పడమటికి. మంచి చోటు వంతు వచ్చినవాడు ఆ రోజు ఎలాగూ మానేవాడు కాదు, వేరేవాడు దూరితే అక్కడికక్కడే పట్టుకునేవాడు. కాపలా ఖర్చు సున్నా. అదే దేశంలో బోద్రుమ్‌లో, ఇజ్మీర్ అఖాతంలో రకరకాల పడవలవాళ్లు పెరిగిపోయి, వాళ్ల మధ్య ఒప్పందం కుదరక, వ్యవస్థ నిలబడలేదు. ఒకే దేశం, ఒకే చట్టం, రెండు ఫలితాలు. పోల్చడమంటే ఇదే కదా?

చేపకళ్లు · మంగళవారం ఉదయం 7:05

చేపల మాట వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నా. నేను సామాజిక శాస్త్రం మనిషిని కాదు. చేపల జనాభాను లెక్కగట్టే జీవశాస్త్రం నాది. మా వృత్తిలో అందరికీ గుచ్చుకునే పేరు ఒకటుంది: న్యూఫౌండ్‌లాండ్ కాడ్.

కెనడా తూర్పు తీరంలో వందల ఏళ్లుగా కాడ్ చేపలు పట్టేవారు. 1980లలో ఒడ్డుకు దగ్గర్లో చిన్న పడవల మీద పట్టేవాళ్లు మొత్తుకున్నారు: చేపలు తగ్గుతున్నాయి, సైజూ తగ్గుతోంది అని. ప్రభుత్వ శాస్త్రవేత్తల అంచనాల్లో మాత్రం నిల్వలు బాగానే ఉన్నాయి. ఆ అంచనాల్లో పెద్ద ట్రాలర్లకు (వల లాగుతూ పోయే ఓడలకు) పడే చేపల లెక్కకు చాలా బరువిచ్చారు. ట్రాలర్ ఏం చేస్తుంది? చేపలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో వెతుక్కుని అక్కడికే వెళ్తుంది. నిల్వ తరిగిపోతున్న కొద్దీ మిగిలిన చేపలు గుంపు కట్టాయి. వలకు పడేది తగ్గలేదు, కాబట్టి లెక్కలోనూ తగ్గలేదు. ఒడ్డున ఉన్నవాడు ఒకే చోట వల పెట్టుకుని కూర్చుంటాడు. తేడా మొదట తెలిసింది వాడికే.

1992 జులై 2న చేపల వేట నిషేధించారు. రెండేళ్లకని చెప్పారు, ఎత్తేయడానికి ముప్పై ఏళ్లు దాటి 2024 వచ్చింది. సుమారు 30,000 మంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు.

అయితే సందేహి గారి మాటలో పాయింట్ ఉంది. ఒడ్డువాళ్ల ఫిర్యాదులో ట్రాలర్ల మీద పోటీ కోపం కూడా కలిసే ఉంది. ఏది అనుభవం, ఏది స్వార్థం అని విడదీయాలి. ఆ విడదీయడం నాకు రాదు. నాకు చేప చెవిలోని ఎముక చూసి వయసు చెప్పడం వచ్చు. మనిషి మాట విని అందులో కొలవదగ్గది ఎంతో తీయడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ ఉంది. మా టీముల్లో అప్పుడు ఆ మనిషి లేడు.

అలాస్కాలో తిమింగలాల విషయంలో ఇదే జరిగింది, కాకపోతే అక్కడ ముగింపు బాగుంది. 1977లో అంతర్జాతీయ తిమింగల కమిషన్ బోహెడ్ తిమింగలాల సంఖ్య బాగా తక్కువని వేటను ఆపేసింది. అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ వేటగాళ్లు, "మీరు మంచు అంచున నిలబడి మంచు లేని నీళ్లలో కనిపించేవే లెక్కపెడుతున్నారు, మిగతావి మంచు కిందుగా పోతున్నాయి" అన్నారు. తర్వాత నీళ్లలో మైకులు దించి విన్నారు. నిజంగానే పోతున్నాయి. అంచనా కొన్ని రెట్లు పెరిగింది.

సందేహి · మంగళవారం ఉదయం 8:30

మైకు దించారు చూశారా, అది నాకు నచ్చింది. మాట నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. పరీక్షించారు.

అడవిబాట · మంగళవారం మధ్యాహ్నం 12:10

కుర్చీ లోంచి లేచాను.

నేను అడవుల పనిలో పాతికేళ్లు చేసి బయటికొచ్చాను. మా కాలంలో 'ప్రజల భాగస్వామ్యం' అంటే ఒక రిజిస్టరు. ఎంతమంది వచ్చారో సంతకాలు పెట్టించడం. ఒకసారి ఒక గ్రామ కమిటీలో సగం మంది ఆడవాళ్లే ఉన్నారని పై ఆఫీసుకు గొప్పగా రాశాను. నెల తర్వాత ఆ ఊరు వెళ్తే, కమిటీ సభ్యురాలు ఒకామె తాను సభ్యురాలినని నా నోటే మొదటిసారి విన్నది. సంతకం వాళ్లాయన పెట్టాడు. ఆ రిజిస్టరు మీద నాకు మంచి పేరు కూడా వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

కట్టెలు తెచ్చేది ఆమె, ఏ చెట్టు ఎండిందో, ఏది చిగురేసిందో తెలిసింది ఆమెకు. నియమం పెట్టింది మాత్రం మేమూ, వాళ్లాయనా. ఆర్థికవేత్త బీనా అగర్వాల్ సరిగ్గా దీని మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. గుజరాత్‌లో, నేపాల్‌లో అటవీ కమిటీలను లెక్కలతో సహా పరిశీలించి, ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న కమిటీల కింద అడవి మెరుగుపడిందని చూపించారు. అలంకారానికి ఒకరిద్దరు ఉంటే నోరు తెరవరు, తగినంత మంది ఉంటేనే మాట్లాడతారు. సందేహి గారూ, ఇందులో సంఖ్యలున్నాయి, చదవండి.

నేపాల్ అడవులదే ఇంకో పాఠం. 1957లో అడవుల్ని జాతీయం చేశారు. కాపాడాలనే ఉద్దేశంతోనే. అప్పటిదాకా "మా అడవి" అనుకున్నవాళ్లకు అది రాత్రికి రాత్రి సర్కారు అడవి అయింది. సర్కారుకు ప్రతి కొండ మీదా మనిషి లేడు, ఊరివాళ్లకు పట్టింపు లేదు. నరికివేత పెరిగింది. 1993 చట్టంతో మళ్లీ వినియోగదారుల సంఘాల చేతికిచ్చారు. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే 1992లో సుమారు 26 శాతంగా ఉన్న అడవి 2016 నాటికి 45 శాతం దగ్గరికి వచ్చింది. మొత్తం ఘనత సంఘాలదే అనను, ఊళ్లు విడిచి పనులకు పోయినవాళ్ల బీళ్లలోనూ చెట్లు లేచాయి.

ఇక జరిమానాల సంగతి. మా ఆఫీసులో దేనికైనా మందు జరిమానాయే. కొలంబియా పల్లెల్లో చేసిన ఒక ప్రయోగం 2000లో అచ్చయింది. ఊరివాళ్లతోనే అడవిలో కట్టెలు కొట్టుకునే ఆటలాంటిది ఆడించారు. ఒకచోట వాళ్లలో వాళ్లను మాట్లాడుకోనిచ్చారు. ఇంకోచోట బయటినుంచి నిబంధన, పట్టుబడితే జరిమానా, తనిఖీ మాత్రం అరుదు. మాట్లాడుకున్నవాళ్లే ఎక్కువ నిగ్రహం చూపారు. జరిమానా పెట్టినచోట జనం "దొరికితే కట్టేద్దాం" అనే లెక్కలోకి వెళ్లిపోయారు. పాతికేళ్లు నేను అమలు చేసింది ఆ రెండో పద్ధతే.

నీలిరాయి · మంగళవారం మధ్యాహ్నం 12:40

అడవిబాట గారు, రిజిస్టరు సంగతి అంత ధైర్యంగా రాసినందుకు దండం.

సందేహి · మంగళవారం సాయంత్రం 5:20

బీనా అగర్వాల్ పని కాస్త చూశాను. సరే, ఒక మెట్టు దిగుతున్నాను. "సందర్భాన్ని బట్టి" అనడం తప్పు కాదు, ఏ సందర్భాన్ని బట్టో చెప్పకపోవడం తప్పు. అలా మార్చుకుంటాను నా మాట.

ఒకటి మిగిలింది. మనుషుల నియమాలూ ప్రకృతీ కలిసిన ఈ అల్లికను ముందే మోడల్ చేసి చూపించిన ఉదాహరణ ఉందా? జరిగాక వివరించడం అందరికీ వచ్చు.

ఊరికథ · మంగళవారం రాత్రి 8:00

ఉంది, ఇండోనేసియాలోని బాలి దీవి. నాకు చాలా ఇష్టమైనది.

అక్కడి వరి రైతుల నీటి సంఘాలను సుబాక్ అంటారు. ఏ సంఘం ఎప్పుడు నాటాలి, ఎప్పుడు పొలం ఖాళీగా వదలాలి అన్నది నీటి గుళ్ల దగ్గర కూర్చుని తేల్చుకుంటారు. 1970లలో హరిత విప్లవం వచ్చింది. కొత్త వంగడాలతో ఎవరికి వీలైనన్ని పంటలు వాళ్లు వేయండి అన్నారు. గుళ్ల క్యాలెండర్ మతాచారం కింద పక్కకు పోయింది. కొద్ది కాలంలోనే దోమపోటు విరుచుకుపడింది, నీళ్ల కోసం కొట్లాటలు మొదలయ్యాయి.

స్టీఫెన్ లాన్సింగ్ అనే మానవ శాస్త్రవేత్త, జేమ్స్ క్రీమర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త కలిసి రెండు నదుల మీదున్న 172 సుబాక్‌లను కంప్యూటర్‌లో పెట్టారు. ఇక్కడ ఒక పీటముడి ఉంది. అందరూ ఒకేసారి పొలాలు ఖాళీగా వదిలితే పురుగుకు తిండి ఉండదు, చస్తుంది. కానీ అందరూ ఒకేసారి నాటితే నీళ్లు చాలవు. ఎవరికి వారు నాటితే నీళ్లు సరిపోతాయి, పురుగు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి పోతూ బతికేస్తుంది. ఎంతమంది కలిసి నాటితే ఈ రెండింటి మధ్య మేలు అని మోడల్‌ను నడిపారు. ఎవరికి వారు నుంచి అందరూ ఒకేసారి దాకా అన్ని స్థాయిలూ చూశారు. గరిష్ఠ దిగుబడి వచ్చింది దాదాపు గుళ్లు ఎప్పటినుంచో నడుపుతున్న స్థాయిలోనే.

మానవ శాస్త్రవేత్త ఒక్కడే ఉంటే "వాళ్ల సంప్రదాయాన్ని గౌరవించండి" అని ఆగేవాడు. పర్యావరణ శాస్త్రవేత్త ఒక్కడే ఉంటే గుడిని మోడల్లో పెట్టాలని తోచేది కాదు.

సందేహి · మంగళవారం రాత్రి 8:25

ఇది ముందే చెప్పి ఉంటే నిన్ననే నోరు మూసుకునేవాణ్ణి.

అడవిబాట · మంగళవారం రాత్రి 8:27

నమ్మం.

గట్టుమీద · రెండు వారాల తర్వాత, శనివారం రాత్రి 10:30

మళ్లీ నేనే. ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. ఆవిడతో కలిసి కాలువ వెంట తిరిగాను, మొదటి తూము నుంచి చివరిదాకా.

పూడిక తీసేది చివరి ఆయకట్టువాళ్లు. ఏటా వారం రోజులు, ఇంటికొకరు. దానికి బదులు వాళ్లకు ప్రతి వంతులో రెండు రాత్రులు నీళ్లు. పైవాళ్లు ఆ రెండు రాత్రులూ తమ తూములు మూసేస్తారు. ఎక్కడా కాగితం లేదు. ఏ ఆఫీసు ఫైల్లోనూ లేదు. 14 ఏళ్లలో నేను చూసిన ఏ కాలువకూ ఇలాంటిది ఉందో లేదో నేను అడగలేదు, ఇప్పుడు తలుచుకుంటే అదోలా ఉంది.

లైనింగ్ వేస్తే ఆ వారం పని పోతుంది. ఆ రెండు రాత్రులు పోతాయా అని పైన ఒక పెద్దాయన్ని అడిగాను. నవ్వి, "అప్పటి సంగతి అప్పుడు చూద్దాం లెండి" అన్నాడు. కింద ఒక ముసలామెను అడిగితే ఏమీ అనకుండా కాలువ వైపు చూసింది.

ఇప్పుడు ఏం చేయమంటారు? పని ఆపడం నా చేతుల్లో లేదు.

ఊరికథ · శనివారం రాత్రి 11:10

ఆపక్కర్లేదు. ఆ మాటను లైనింగ్ వేశాక కాదు, వేసేముందే కాగితం మీదికి తేవాలి. పైవాళ్లకు ఇంకా కిందివాళ్ల చేతులు అవసరం ఉన్నప్పుడే. సిమెంటు ఆరాక బేరం ఉండదు.

గేట్లు కూడా మళ్లీ ఆలోచించండి. నేపాల్ రైతులు చాలాచోట్ల గేటే పెట్టరు. కాలువకు అడ్డంగా గాట్లు చెక్కిన దుంగ వేస్తారు. ఎవరి వాటా ఎంతో గాటు వెడల్పు అంత. నీళ్లు పెరిగినా తగ్గినా వాటాల నిష్పత్తి మారదు. దారిన పోయేవాడు కూడా చూసి చెప్పగలడు, ఎవరైనా రాయి పెట్టారా లేదా అని.

చేపకళ్లు · ఆదివారం ఉదయం 6:50

గేటుకు తాళం ఉంటుంది. తాళానికి ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎవరి మాట వింటాడన్నది మీ ప్రవాహం లెక్కల్లో రాదు.

సందేహి · ఆదివారం ఉదయం 9:30

వీలైతే ఈ ఏడాది చివరి తూముల దగ్గర నీళ్లు కొలిచి పెట్టుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి. పనికొచ్చే ఫారం కావాలంటే నేను తయారుచేసి పంపుతాను.

గట్టుమీద · ఆదివారం రాత్రి 9:40

ఫారం పంపండి సందేహి గారూ, తప్పకుండా.

ఈ రోజంతా డ్రాయింగులు ముందేసుకుని కూర్చున్నాను. మూడు చోట్ల గేటు తీసేసి గాట్ల గోడ వేశాను. దుంగ బదులు కాంక్రీటే, చెదలు పట్టకుండా. వాటాలు తేలలేదు కాబట్టి గాట్ల వెడల్పు ఇంకా రాయలేదు. మా పై అధికారి చూసి "ఇదేంటయ్యా, వెనక్కి వెళ్తున్నావా" అన్నారు. వివరించాను. ఒప్పుకోలేదు, కాదనలేదు.

ప్రతి డ్రాయింగ్ కింద 'నిర్వహణ బాధ్యత' అని ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్లూ అందులో 'సంబంధిత శాఖ' అని చూడకుండానే టైప్ చేసేవాణ్ణి. ఈసారి ఖాళీగా వదిలేశాను. పైవాళ్లూ కిందివాళ్లూ కలిసే మీటింగ్ గురువారం. ఆవిడ నన్ను వినమన్నారు, మాట్లాడొద్దన్నారు.